నిరాశ్రయుల్నీ, మామూలు అతిథుల్నీ ఒకే మోటెల్‌లో పెట్టొచ్చా? లాస్ ఏంజెల్స్‌లో కొనేవాళ్ళకి వివరంగా

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. మీరూ, మీ బావగారూ, ఇంకో ఇద్దరు కలిసి లాస్ ఏంజెల్స్ సిటీలో 62 గదుల పాత మోటెల్ కొంటున్నారు. ఎస్క్రో నడుస్తోంది, అంటే కొనుగోలు ఇంకా ముగియలేదు. 18 గదుల్లో సిటీ ప్రోగ్రాం ద్వారా వచ్చిన ఇల్లు లేని వాళ్ళున్నారు, మిగతా 44 గదులు మామూలు బుకింగులకి. ఈ ఏర్పాటు కొనసాగించాలా, వద్దనే హక్కు మీకుందా, ఇద్దరినీ ఒకే చోట పెడితే చట్టం ఏమంటుంది, లోన్ మీద ఏమైనా ప్రభావం ఉంటుందా, వేరే చోట్ల ఎలా ఉంది అని అడిగారు.

ముందు సూటిగా జవాబు. కలిపి పెట్టడం చట్టవిరుద్ధం కాదు. మిమ్మల్ని బలవంతపెట్టే హక్కు సిటీకి లేదు. కానీ 62లో 18 అనేది అన్నిటికంటే చెడ్డ నిష్పత్తి. నా అనుభవంలో రెండు పద్ధతులే నిలబడతాయి. ఒకటి, నాలుగైదు గదులకు మించకుండా, మిగతా అతిథుల్లో కలిసిపోయేలా ఇవ్వడం. రెండు, మోటెల్ మొత్తాన్నో, విడిగా ఉన్న ఒక వింగ్ మొత్తాన్నో బ్లాక్ లీజుకి, అంటే గదులన్నీ కలిపి ఒకే సంస్థకి, ఇచ్చేయడం. మధ్యలో, అంటే పాతిక నుంచి యాభై శాతం దాకా కలిపి నడిపితే రెండు వైపులా నష్టమే. 18 గదులకి పూర్తికాలపు కేస్ మేనేజర్ (ఉన్నవాళ్ళ అవసరాలు చూసుకునే మనిషి), రాత్రి సెక్యూరిటీ ఇవ్వడానికి ప్రోగ్రాం నడిపే ఏజెన్సీ బడ్జెట్ ఒప్పుకోదు. కానీ ఆ ఇద్దరూ లేకపోతే ఏం జరుగుతుందో తెలియడానికి మాత్రం 18 గదులు చాలు. ఆ పని మీ ఫ్రంట్ డెస్క్ కుర్రాడి మీద పడుతుంది. అతనికి దానిలో శిక్షణా ఉండదు, దానికి తగిన జీతమూ ఉండదు.

వద్దనొచ్చా?

ప్రోగ్రాంలో చేరనని చెప్పొచ్చు. మన వాళ్ళలో దీని మీద చాలా గందరగోళం ఉంది. దానికి కారణం 2022 నాటి ప్రతిపాదన. హోటల్ కార్మికుల సంఘం యునైట్ హియర్ లోకల్ 11 సంతకాలు సేకరించి, ఓటర్ల ముందు పెట్టడానికి దాన్ని తెచ్చింది. ప్రతి హోటలూ రోజూ మధ్యాహ్నం 2 గంటలకల్లా ఖాళీ గదుల లెక్క సిటీకి చెప్పాలి, గది ఖర్చు సిటీ భరించే వోచర్‌తో వచ్చిన నిరాశ్రయుల్ని కాదనకూడదు అన్నది అందులోని ముఖ్యమైన షరతు. అది 2024 మార్చి బ్యాలట్ మీదికి వెళ్ళాల్సింది. ఆహోవా (ఆసియన్ అమెరికన్ హోటల్ యజమానుల సంఘం) సహా హోటల్ యజమానుల సంఘాలు గట్టిగా వ్యతిరేకించాయి. చివరికి 2023లో రాజీ కుదిరి, యూనియన్ దాన్ని వెనక్కి తీసుకుంది. దాని బదులు 2023 నవంబర్‌లో సిటీ కౌన్సిల్ ఆమోదించిన ఆర్డినెన్స్ (సిటీ చట్టం)లో వోచర్ భాగం స్వచ్ఛందమైపోయింది. ఇష్టమున్న హోటళ్ళే పేరు నమోదు చేసుకుంటాయి. కొత్త హోటల్ కట్టేవాళ్ళకి కండిషనల్ యూజ్ పర్మిట్ (సిటీ ఇచ్చే ప్రత్యేక అనుమతి), కూల్చిన ఇళ్ళకి బదులు ఇళ్ళు కట్టడం లాంటి షరతులు అందులో ఉన్నాయి గానీ, ఉన్న మోటెల్ కొనేవాళ్ళకి వాటితో పెద్దగా పని ఉండదు.

ఆ 2 గంటల నిబంధన అమలై ఉంటే చిక్కు ఎక్కడ వచ్చేదో కూడా చెప్తాను, మీ నిర్ణయానికి పనికొస్తుంది. గది ఖాళీగా ఉండటం ఒక్కటే చాలదు. ఆ రాత్రి వచ్చిన మనిషికి మందులు అయిపోతే, ఐడీ పోతే, తోడున్న మనిషితో గొడవైతే ఎవరు వస్తారన్నది అసలు విషయం. నిరాశ్రయుల్ని హోటల్ గదుల్లో పెట్టిన రెండు కార్యక్రమాల్లో, అంటే మేయర్ కేరెన్ బాస్ 2022 డిసెంబర్‌లో మొదలుపెట్టిన ఇన్‌సైడ్ సేఫ్‌లోనూ, అంతకుముందు 2020 ఏప్రిల్‌లో రాష్ట్రం మొదలుపెట్టిన ప్రాజెక్ట్ రూమ్‌కీలోనూ తేడా తెచ్చింది ఇదే. భోజనం, నర్సు, సెక్యూరిటీ సైట్ మీదే ఉన్న చోట్ల పని నడిచింది. మీ విక్రేత ఒప్పందంలో ఆ సేవల గురించి ఎన్ని లైన్లున్నాయో చూడండి. ఒక పేరాతో సరిపెట్టి ఉంటే అర్థమైపోతుంది.

ఇంకో మాట. ప్రోగ్రాం వద్దనొచ్చు కదా అని, సొంత డబ్బుతో కౌంటర్ దగ్గరికి వచ్చిన మనిషిని బట్టలు మాసి ఉన్నాయని పంపించేయడం వేరే సంగతి. ఐడీ, క్రెడిట్ కార్డు, డిపాజిట్ అడిగే నియమం అందరికీ ఒకేలా ఉంటే ఇబ్బంది లేదు. ఒకరికి అడిగి ఒకరికి అడగకపోతే, అందులో జాతో వైకల్యమో కారణంగా కనిపిస్తే, వివక్షని నిషేధించే కాలిఫోర్నియా ఉన్రూ చట్టం కింద ఒక్కో ఉల్లంఘనకి కనీసం 4,000 డాలర్లు, పైన లాయర్ ఫీజు. నియమాన్ని కాగితం మీద రాసి, కౌంటర్ వెనక అంటించండి. ప్రతి షిఫ్టూ అదే పాటించాలి.

కొనేముందు చూడాల్సిన మొట్టమొదటి సంగతి: ఎవరు ఎన్ని రోజులుగా ఉంటున్నారు

కాలిఫోర్నియాలో హోటల్ అతిథి వరుసగా 30 రోజులు దాటితే మామూలుగా టెనెంట్, అంటే చట్టపరమైన హక్కులున్న అద్దెదారు, అవుతాడు. అది తప్పించడానికి 28వ రోజున చెకౌట్ చేయించి, మళ్ళీ కొత్తగా చెకిన్ చేయించే పాత అలవాటు ఒకటుంది. సివిల్ కోడ్ 1940.1 దాన్ని నేరుగా నిషేధించింది. 500 డాలర్ల సివిల్ పెనాల్టీ చిన్నదే అనిపిస్తుంది, కానీ ఓడిన వాళ్ళు అవతలి లాయర్ ఫీజూ కట్టాలి. ఈ ట్రిక్ పనిచేయదు కూడా. కోర్టు చూసేది మనిషి నిజంగా ఎంతకాలం ఉన్నాడన్నదే, మీ సాఫ్ట్‌వేర్‌లో ఎన్ని ఫోలియోలు (బస ఖాతాలు) తెరిచారన్నది కాదు.

సిటీ ప్రోగ్రాం ద్వారా ఉన్నవాళ్ళ లెక్క వేరు. 2022లో వచ్చిన రాష్ట్ర చట్టం ఏబీ 1991 ప్రకారం, మోటెల్‌లో నడిచే షెల్టర్ ప్రోగ్రాంలో ఉన్న మనిషి 30 రోజులు దాటినంత మాత్రాన టెనెంట్ కాడు. ఆ చట్టానికి మొదట గడువు పెట్టారు, 2024లో ఏబీ 2835 ఆ గడువు ఎత్తేసింది. అయితే ఇది షరతులతో వచ్చిన రక్షణ. ప్రోగ్రాం నడిపే సంస్థ ఏ కారణాలకి మనిషిని బయటికి పంపుతుందో ముందే రాసి ఇవ్వాలి, ఆ విధానం పాటించాలి. ఆ కాగితాలు ఏజెన్సీ దగ్గర ఉంటాయి, మీ దగ్గర ఉండవు. కాబట్టి నకళ్ళు అడగండి.

మోసపోయేది ఇక్కడే. 18 గదుల్లో 15 నిజంగా ప్రోగ్రాంలో ఉండి, మిగతా మూడు ప్రోగ్రాం అయిపోయాక సొంతంగా వారం వారం కట్టుకుంటున్న వాళ్ళవి అయితే, ఆ ముగ్గురికీ ఏబీ 1991 వర్తించదు. వాళ్ళు టెనెంట్లు. మీ భవనం 1978 అక్టోబరు 1కి ముందు కట్టినదైతే సిటీ రెంట్ స్టెబిలైజేషన్ కిందికి రావచ్చు. అప్పుడు సరైన కారణం లేకుండా ఖాళీ చేయించలేరు, అద్దె ఇష్టమొచ్చినట్టు పెంచలేరు. తాళం మార్చడం, కరెంటు తీసేయడం లాంటి పనులు ఎవరైనా సలహా ఇస్తే చెవిన పెట్టకండి. సివిల్ కోడ్ 789.3 కింద రోజుకి 100 డాలర్ల దాకా, ఎంత తక్కువైనా 250 డాలర్లు పడుతుంది.

ఇక మామూలు అతిథి చెకౌట్ టైముకి వెళ్ళనంటే 1865 సెక్షన్ మీకు బలం. కానీ చెకిన్ అప్పుడే వెళ్ళాల్సిన తేదీ, టైము రాసి, అతిథి చేత సంతకమో ఇనీషియలో పెట్టించి ఉండాలి. చాలా మోటెళ్ళ రిజిస్ట్రేషన్ కార్డు మీద ఆ గడి ఉంటుంది, ఖాళీగా. మీరు తీసుకున్నాక మొదటి రోజే ఆ గడి నింపడం అలవాటు చేయండి.

భవనం ఏ జాబితాలో ఉందో చూడండి

ఇది రెండో సంగతి, చాలామంది వదిలేసేది. లాస్ ఏంజెల్స్‌లో 2008లో రెసిడెన్షియల్ హోటల్ ఆర్డినెన్స్ వచ్చింది. ఎన్నో ఏళ్ళుగా తక్కువ ఆదాయం వాళ్ళు నెలల తరబడి ఉంటూ వచ్చిన మూడొందలకు పైగా పాత హోటళ్ళను ఇళ్ళ కింద లెక్కకట్టి, ఆ గదుల్ని టూరిస్టులకి రోజువారీగా ఇవ్వకూడదన్నారు. మీరు కొనే మోటెల్‌లో కొన్ని గదులు ఆ జాబితాలో ఉంటే మీ సమస్య తలకిందులవుతుంది. అప్పుడు తప్పయ్యేది మామూలు బుకింగులే. 2023లో పత్రికలు ఈ ఉల్లంఘనల్ని బయటపెట్టాక హౌసింగ్ డిపార్ట్‌మెంట్ మీద ఒత్తిడి పెరిగింది. ఆ శాఖ నుంచి ఈ అడ్రసుకి సంబంధించిన స్థితి రాతపూర్వకంగా తెప్పించుకోండి. బ్రోకర్ నోటి మాట వద్దు.

అడ్రసు నిజంగా సిటీ హద్దుల్లోనే ఉందా అన్నదీ చూడండి. లాస్ ఏంజెల్స్ కౌంటీలో 88 సిటీలున్నాయి, రోడ్డు దాటితే నియమాలు మారిపోతాయి. 2024లో నార్వాక్ సిటీ కొత్త షెల్టర్ల మీద మారటోరియం (తాత్కాలిక నిషేధం) పెట్టి, రాష్ట్రంతో కోర్టు దాకా వెళ్ళింది.

లోన్: లెక్క వేసుకోండి

మీ లోన్ ఎస్‌బీఏ (చిన్న వ్యాపారాల లోన్లకి హామీ ఇచ్చే ఫెడరల్ సంస్థ) ద్వారా అని రాశారు. హోటల్‌కి ఎస్‌బీఏ ఇవ్వాలంటే ఏడాది ఆదాయంలో కనీసం సగం 30 రోజులు, అంతకు తక్కువ ఉండే అతిథుల నుంచి రావాలి. 44 మామూలు గదులు సగటున 60 శాతం నిండుతాయనుకుందాం. అంటే రోజుకి 26 గదులు. సిటీ గదులు 18 ఎప్పుడూ నిండే ఉంటాయి. రేటు ఒకటే అయితే సిటీ వాటా ఆదాయంలో 40 శాతం. ఇప్పటికి బాగానే ఉంది. కానీ మామూలు వైపు 40 శాతానికి పడిపోతే రోజుకి 17, 18 గదులే నిండుతాయి. అప్పుడు సగం గీత దాటేశారు. కలిపి నడిపే మోటెళ్ళలో మామూలు ఆక్యుపెన్సీ నెమ్మదిగా పడిపోవడం మామూలే కాబట్టి, ఈ గీత దాటడం ఊహాజనితమేమీ కాదు. బ్యాంకుకి ముందే చెప్పండి. తర్వాత వాళ్ళకి తెలిస్తే లోన్ డాక్యుమెంట్లలోని డిఫాల్ట్ క్లాజులు గుర్తొస్తాయి.

బ్రాండ్ ఉంటే ఫ్రాంచైజ్ అగ్రిమెంట్ చదవండి. గదుల్ని షెల్టర్‌గా, బల్క్ లీజుగా ఇవ్వాలంటే రాతపూర్వక అనుమతి కావాలనే షరతు మామూలే. ఇన్సూరెన్స్‌లో వెతకాల్సిన మాటలు రెండు: అసాల్ట్ అండ్ బ్యాటరీ (దాడులు, కొట్లాటలు) మినహాయింపు, హాబిటేషనల్ (ఇల్లుగా వాడే) వాడకం మీద మినహాయింపు. ఈ రెండూ ఉండి 18 గదుల్లో మనుషులు నెలల తరబడి ఉంటే, మీ దగ్గర ఉన్నది ప్రీమియం రసీదు మాత్రమే. ప్రోగ్రాం సంస్థ మిమ్మల్ని తమ పాలసీలో అడిషనల్ ఇన్సూర్డ్‌గా (ఆ పాలసీ రక్షణ మీకూ వర్తించేలా) చేర్చాలని ఒప్పందంలో రాయించండి.

సిటీలో హోటల్ ట్యాక్స్ 14 శాతం, 30 రోజులు, అంతకు తక్కువ ఉన్న బసలకి. ప్రోగ్రాం గదులకి ఎవరు కడతారు, మినహాయింపు ఉందంటే ఏ కాగితం ఆధారంగా, ఇవి ఒప్పందంలో లేకపోతే ఆడిట్‌లో అడిగేది మిమ్మల్నే.

ఒప్పందంలో ఏముండాలి

కొనసాగించాలనుకుంటే విక్రేత ఒప్పందాన్ని ఉన్నదున్నట్టు మీ పేరుకి బదిలీ (అసైన్) చేయించుకోవద్దు. కొత్తది రాయించండి. ముఖ్యంగా చూడాల్సినవి:

డబ్బు ఎలా వస్తుంది. నిండిన రాత్రికే కడతారా, గది కేటాయించినందుకు ఖాళీ ఉన్నా కడతారా? బ్లాక్‌గా ఇస్తే రెండోదే ఉండాలి. ఎందుకంటే ఆ గదిని మీరు ఇంకెవరికీ అమ్ముకోలేరు. రాత్రికి 100 డాలర్ల లెక్కన 18 గదులకి నెలకి 54,000. బిల్లు ఇచ్చిన 60 రోజులకి డబ్బు వస్తే, ఏ సమయంలోనైనా లక్ష డాలర్లకి పైగా బయటే ఉంటుంది. జీతాలు మాత్రం రెండు వారాలకోసారి ఇవ్వాలి. ప్రభుత్వ డబ్బు మునగదు గానీ ఆలస్యం అవుతుంది, అది కూడా మధ్యలో ఒక సంస్థ ఉంటే ఇంకా ఆలస్యం. కనీసం రెండు నెలల ఖర్చు బ్యాంకులో పెట్టుకోలేకపోతే ఈ వ్యాపారంలోకి దిగొద్దు.

నష్టపరిహారం. అప్పగించే రోజున ప్రతి గదినీ వీడియో తీయండి. తలుపు తీయడంతో మొదలుపెట్టి బాత్రూం వెంట్ దాకా, పరుపు ఎత్తి, ఏసీ ఫిల్టర్ తీసి, కుళాయి తిప్పి, తేదీ కనిపించేలా. ఏజెన్సీ మనిషి పక్కనుండి సంతకం పెట్టాలి. దీనికి జతగా ధరల పట్టిక: తలుపు, కిటికీ అద్దం, టీవీ, పరుపు, కార్పెట్ గజానికి ఇంత అని. శాన్ ఫ్రాన్సిస్కోలో కోవిడ్ సమయంలో హోటళ్ళు వాడుకున్నాక సిటీ నష్టపరిహారంగా మిలియన్ల డాలర్లు కట్టింది. అప్పటి స్థితికి రుజువు లేని గది మీద మీరు గట్టిగా వాదించలేరు. పాత మోటెల్ కదా, ఆ గోడ మీద చెమ్మ ముందే ఉందంటారు.

ముగింపు. అన్నిటికంటే ముఖ్యమైన క్లాజు ఇదే, అందరూ చివర్లో చదివేదీ ఇదే. ప్రోగ్రాం ఆగిపోతే మనుషులు రాత్రికి రాత్రి మాయమైపోరు. కనీసం 60 రోజుల ర్యాంప్‌డౌన్, అంటే గదుల్ని క్రమంగా ఖాళీ చేసే గడువు, ఉండాలి. ఆ కాలమంతా పూర్తి రేటు కట్టాలి. ప్రతి మనిషినీ వేరే చోటికి మార్చే బాధ్యత సంస్థదేనని స్పష్టంగా రాయాలి. ఇది లేకపోతే నిధులు ఆగిన మరుసటి రోజు నుంచి ఆ 18 గదుల్లో ఉన్నవాళ్ళు మీ మనుషులు, డబ్బు మాత్రం ఎవరిదీ కాదు.

మనుషులు. ఇరవై మందికి ఒక కేస్ మేనేజర్ కంటే పలచబడకూడదు. రాత్రి 8 నుంచి ఉదయం 6 దాకా సైట్ మీద ఒక మనిషి, ఫోన్ ఎత్తే సూపర్‌వైజర్ ఒకరు. సెక్యూరిటీ గార్డు సంస్థ ఖర్చులో ఉండాలి. కానీ ఆ మనిషి అతిథులందరి పట్లా ఒకేలా ఉండాలి. ఒక వింగ్ వాళ్ళని మాత్రమే ఆపి సంచులు చూసే గార్డు రెండు వైపులా చిచ్చు పెడతాడు.

గదుల ఎంపిక

మీరు రాసినదాన్ని బట్టి ఇది పార్కింగ్ చుట్టూ యూ ఆకారంలో ఉన్న రెండంతస్తుల మోటెల్. నడవాలన్నీ బయటికే. అలాంటి చోట 18 గదులు అక్కడొకటి ఇక్కడొకటి చెదిరి ఉంటే మొదటి పని వాటిని ఒక చోటికి తేవడం. వెనక వింగ్ కింది వరుస, దానికి దగ్గర్లోనే ఒక గది ప్రోగ్రాం ఆఫీసుకి. కింది అంతస్తే ఎందుకంటే, వచ్చేవాళ్ళలో వయసు మళ్ళినవాళ్ళు, మోకాళ్ళు పట్టినవాళ్ళు ఎక్కువ. అయితే వీల్‌చైర్ గదులన్నీ ప్రోగ్రాంకి ఇచ్చేయకండి. 2010 ఏడీఏ (వైకల్యమున్నవాళ్ళ హక్కుల చట్టం) ప్రమాణాల ప్రకారం 51 నుంచి 75 గదులున్న హోటల్‌కి అలాంటివి 4 కావాలి, ఒకదానిలో రోల్-ఇన్ షవర్ (చక్రాల కుర్చీతోనే లోపలికి వెళ్ళగలిగేది) ఉండాలి. పాత భవనానికి ఎంతవరకు వర్తిస్తుందో చూసుకోవాలి, కానీ ఉన్నవాటిలో కనీసం ఒకటి మామూలు బుకింగుకి ఉంచండి.

వేరు చేయడం అంటే ముద్ర వేయడం కాదు. వేరే రంగు కీకార్డు, చేతికి బ్యాండు, వేరే టవళ్ళు, అల్పాహారానికి వేరే టైము, ఇవన్నీ చెడ్డ ఆలోచనలు. డబ్బు కట్టిన అతిథికి లోపల ఏం జరుగుతుందో తెలియజెప్పేవీ అవే, ఉన్నవాళ్ళని అవమానించేవీ అవే. విజిటర్లు రాత్రి 10 తర్వాత వద్దంటే అందరికీ వద్దు. ప్రోగ్రాం వాళ్ళకి అదనపు నియమాలు కావాలంటే అవి సంస్థ వాళ్ళతో చేసుకున్న ఒప్పందంలోంచి రావాలి, మీ ఫ్రంట్ డెస్క్ నోటి నుంచి కాదు. ఎవరైనా అతిథి వచ్చి ఆ వెనక వింగ్‌లో ఎవరున్నారని అడిగితే జవాబు ఒకటే: మా అతిథుల వివరాలు ఎవరివీ ఎవరికీ చెప్పం.

పోలీసులు రిజిస్టర్ అడిగినా తొందరపడి ఇవ్వకండి. సిటీ నియమం ప్రకారం రిజిస్టర్ 90 రోజులు దాచాలి. కానీ వారెంటూ, అభ్యంతరం చెప్పే అవకాశమూ లేకుండా చూపించి తీరాలన్న భాగాన్ని 2015లో సుప్రీంకోర్టు లాస్ ఏంజెల్స్ వర్సెస్ పటేల్ కేసులో 5-4తో కొట్టేసింది. ఆ కేసు వేసింది మీలాంటి మోటెల్ యజమానులే. పైగా ప్రోగ్రాం గదుల్లో భర్త నుంచి పారిపోయి వచ్చిన ఆడవాళ్ళు ఉండొచ్చు. వాళ్ళ పేరు, గది నంబరు బయటికి పొక్కడం ప్రాణాల మీదికి తెస్తుంది.

పిల్లలున్న కుటుంబాలు వస్తే ఇంకో సంగతి. మోటెల్‌లో ఉంటున్న పిల్లలకి మెకిన్నీ-వెంటో చట్టం కింద పాత బడిలోనే కొనసాగే హక్కు, రవాణా సాయం ఉన్నాయి. ఉదయం బడి వాహనం ఆగడానికి పార్కింగ్‌లో ఒక చోటు వదలండి.

గదిలో ఏం పాడవుతుంది, ఎందుకు

మొదట పాడయ్యేది కరెంటు. అరవైల నాటి మోటెల్ గదికి మామూలుగా ఒక 15 ఆంపియర్ సర్క్యూటే ఉంటుంది, కొన్ని చోట్ల పక్క గదితో పంచుకుని. 120 వోల్టుల మీద అది 1,800 వాట్లు, ఎక్కువసేపు వాడితే 1,440 మించకూడదు. మైక్రోవేవ్ ఒక్కటే 1,200 నుంచి 1,500 లాగుతుంది. దానికి తోడు హీటర్ పెడితే బ్రేకర్ పడుతుంది. రెండు రాత్రులు ఉండే అతిథి మైక్రోవేవ్ ఒకసారి వాడతాడు. మూడు నెలలు ఉండే మనిషి అందులోనే వండుకుంటాడు. పడిన బ్రేకర్‌ని మళ్ళీ మళ్ళీ ఎత్తడం కాదు దారి. మైక్రోవేవ్‌కీ ఫ్రిజ్‌కీ విడి 20 ఆంపియర్ లైను వేయించండి, హాట్‌ప్లేట్లు గదిలోకి రానివ్వకండి, దానికి బదులు ప్రోగ్రాం నుంచి రోజుకి మూడు పూటలా భోజనం ఒప్పందంలో పెట్టించండి. భోజనం రాని చోటే హాట్‌ప్లేట్లు వస్తాయి. ఈ-బైక్ బ్యాటరీల చార్జింగ్ గదిలో, తలుపు పక్కన అసలు వద్దు. మంటంటుకుంటే బయటికి వెళ్ళే దారి అదొక్కటే. చార్జింగ్‌కి బయట గోడ దగ్గర ఒక చోటు చూపించండి.

నల్లులు రెండోది. ఇవి ఇల్లు లేని వాళ్ళతోనే వస్తాయనుకోవడం తప్పు. ఎయిర్‌పోర్టు సూట్‌కేసుల్లోనూ వస్తాయి. తేడా ఏమిటంటే, రోజూ గది మారే చోట హౌస్‌కీపింగ్ త్వరగా కనిపెడుతుంది. నెలల తరబడి ఒకరే ఉన్న గదిలో ఎవరూ పరుపు ఎత్తి చూడరు. అందుకే ప్రోగ్రాం గదులకీ వారానికోసారి దుప్పట్లు మార్చడం, పరుపు కుట్టు, హెడ్‌బోర్డు వెనక చూడటం తప్పనిసరి చేయండి. కనిపిస్తే ఆ గది ఒక్కటే కాదు, రెండు పక్కలవీ, పైదీ, కిందిదీ చూడాలి. 122 ఫారెన్‌హీట్ వేడికి పురుగూ గుడ్డూ చస్తాయి. అందుకే హీట్ ట్రీట్‌మెంట్ చేసేవాళ్ళు గది గాలిని 135 దాకా తీసుకెళ్తారు, గోడ పగుళ్ళ లోపలికీ ఆ వేడి చేరాలని. రెండు వారాల తర్వాత మళ్ళీ చూడాలి, ఎందుకంటే మిగిలిన గుడ్లు ఆలోపు పొదుగుతాయి. మనిషి బట్టల్ని చెత్తలో వేయకండి. డ్రయ్యర్‌లో హై మీద అరగంట చాలు. ఉన్నదంతా ఒక సంచిలోనే మోసుకుతిరిగే మనిషి సంచి పారేస్తే, మీ మీద నమ్మకం అక్కడితో సరి.

హౌస్‌కీపింగ్ వాళ్ళకి: చెత్త సంచిని చేత్తో అదమొద్దు, సూది కనిపిస్తే పట్టకారుతో పట్టి షార్ప్స్ డబ్బాలో వేయాలి. రక్తంతో పని పడేవాళ్ళకి హెపటైటిస్ బి టీకా యజమాని ఖర్చుతో ఇవ్వజూపాలి. పానిక్ బటన్ సిటీలో ఎలాగూ తప్పనిసరి. బ్యాటరీ ఉందో లేదో నెలకోసారి నొక్కి చూడండి. ఫ్రంట్ డెస్క్‌లో ఓపియాయిడ్ మత్తుమందు మోతాదు మించితే విరుగుడైన 4 మిల్లీగ్రాముల నలాక్సోన్ నేసల్ స్ప్రే పెట్టెలు రెండు ఉంచండి. 2023 నుంచి చీటీ లేకుండా దొరుకుతున్నాయి. పిలిచినా పలకని మనిషి కనిపిస్తే 911, ఒక ముక్కు రంధ్రంలో ఒక స్ప్రే, రెండు మూడు నిమిషాల్లో ఊపిరి సరిపడకపోతే రెండో దానిలో ఇంకొకటి. ఇది డబ్బు కట్టిన అతిథి గదిలోనూ అవసరం పడుతుంది, ఆ మాట గుర్తుంచుకోండి.

కుక్కల గురించి గొడవలు ఖాయం. సర్వీస్ యానిమల్ అంటే రెండే ప్రశ్నలు అడగొచ్చు: వైకల్యం వల్ల అవసరమా, ఏ పనికి శిక్షణ ఇచ్చారు. కాగితాలు అడగకూడదు. ఓదార్పు కోసం పెంచుకునే జంతువు మామూలు హోటల్ బసలో సర్వీస్ యానిమల్ కాదు, కానీ షెల్టర్‌గా నడిచే గదుల్లో ఫెయిర్ హౌసింగ్ చట్టం వచ్చి లెక్క మారొచ్చు. ప్రోగ్రాం గదుల్లో కుక్కల సంగతి సంస్థకే వదిలేసి, అదనపు శుభ్రత ఖర్చు ధరల పట్టికలో పెట్టించుకోండి. కుక్కని వదిలి రమ్మంటే గది వద్దనే మనుషులు చాలామంది ఉంటారు.

వేరే చోట్ల ఎలా ఉంది

అడిగారు కాబట్టి క్లుప్తంగా. ఇంగ్లండ్‌లో 2003 నాటి ఉత్తర్వు ప్రకారం పిల్లలున్న కుటుంబాల్నీ గర్భిణుల్నీ బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్‌లో, వేరే దారి లేకపోతేనే, అదీ 6 వారాలకు మించకుండా పెట్టాలి. అక్కడ హద్దు స్థానిక కౌన్సిల్ మీద, హోటల్ మీద కాదు. వెర్మాంట్ రాష్ట్రం 2024లో మోటెల్ బసకి ఏడాదికి 80 రోజుల పరిమితి పెట్టింది. రోజుల లెక్క పెట్టిన ప్రతి చోటా, గడువు దగ్గరయ్యేకొద్దీ ఎక్కువ ఒత్తిడి పడేది ఫ్రంట్ డెస్క్ మీదే. కాబట్టి ఏ ప్రోగ్రాం అయినా మనిషి గడువు ఎప్పుడో మీకు కనీసం రెండు వారాల ముందు తెలియాలి.

మీ విషయంలో నేనైతే

రెండు దార్లలో ఒకటి ఎంచుకోమంటాను. వెనక వింగ్‌లో ఎన్ని గదులున్నాయో చూసి, మొత్తం వింగ్‌ని కొత్త ఒప్పందంతో, ఖాళీ ఉన్నా కట్టే పద్ధతిలో, పూర్తి సేవలతో ఇవ్వడం ఒకటి. అప్పుడు బ్యాంకు అనుమతి ముందు, సంతకం తర్వాత. సంస్థ దానికి ఒప్పుకోకపోతే క్లోజింగ్‌కి ముందే విక్రేత చేత ర్యాంప్‌డౌన్ మొదలుపెట్టించి, సంఖ్యని నాలుగైదుకి తెచ్చుకోవడం రెండోది. ఇందులో ఉన్నవాళ్ళని ఎవరూ రోడ్డు మీదికి తోయకూడదు. ఆ మార్పిడి ఖర్చు విక్రేత ధరలోంచి తగ్గించుకోండి.

ఈ వారంలో చేయాల్సింది ఒకటే. 18 గదులకీ విడివిడిగా ఒక జాబితా అడగండి: గది నంబరు, ఏ సంస్థ ద్వారా, ఎప్పటి నుంచి, చివరి చెల్లింపు ఎవరి ఖాతా నుంచి వచ్చింది. పేర్లు అక్కర్లేదు. విక్రేత దానికి నిజమని సంతకం పెట్టాలి. చివరి గడిలో సంస్థ పేరు బదులు నగదు అని కనిపించిన ప్రతి గదినీ మీ లాయర్‌కి చూపించండి. ఆ జాబితా చేతికి రాకుండా ఇన్‌స్పెక్షన్ కంటింజెన్సీ తేదీ (తనిఖీ చేసి కొనుగోలు వద్దనుకోగల గడువు) దాటనివ్వకండి, ఇవ్వడానికి టైము పడుతుందంటే ఆ తేదీనే పొడిగించమనండి.